నలభై ఒక్క గదుల్లో అక్క

రాత్రి పడుకునేసరికి రెండే గదులున్న మా వాటాలో ఈ ఉదయం నలభై ఒక్క గదులున్నాయి. ప్రతి గదిలోనూ మా హైమక్క కూర్చుని ఉంది.

లెక్క నాది కాదు. తొమ్మిదింటికి ఖాళీజాగా ఆఫీసు నుంచి తాతబ్బాయిగారు వచ్చి, టేపుతో గుమ్మం గుమ్మం కొలిచి చెబుతున్నారు. తెల్ల చొక్కా, చంకలో చీపురు. మర్యాదస్తులు, చెప్పులు బయటే విడిచారు.

"ఇల్లు నిండిపోయిందండి. సూది దూర్చే జాగా లేదు. సాయంత్రం అయిదింటికొచ్చి ఊడ్చేస్తామండి. ఒక్క గది ఉంచుతాం. ఏదుంచాలో తమరే చెప్పాలి మరి."

"ఇంట్లో మనిషుందండీ బాబూ! మా అక్క. రాత్రి కాకినాడ బస్సు దిగొచ్చి ముందుగదిలో చాప వేసుకుని పడుకుంది."

"అలాగాండి. ఏ గదిలో ఉన్నారండి?"

నాకు తెలిస్తే కదా చెప్పడానికి!

నేను పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను, కంప్యూటర్లో. చెయ్యి తిరగడం కోసం ఏడాదిగా అక్క బొమ్మే మళ్ళీ మళ్ళీ వేస్తున్నాను. అమ్మ పోయాక నాకు అన్నం కలిపి పెట్టిందీ, బళ్ళో వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ అక్కే. కళ్ళు మూసుకుని కూడా ఆ ముఖం గీయగలనని నా ధీమా. వేసిన ప్రతిసారీ ఒక ఫైలు దాచాను. ఆ ఫైళ్ళే ఇప్పుడు గదులు. నలభై బొమ్మలు, ఒక మనిషి.

"పేర్లు పెట్టుకోలేదాండి?" అని అడుగుతున్నారు తాతబ్బాయిగారు.

"ఎందుకు పెట్టలేదు? తలుపుల మీద ఉన్నాయి చూడండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వరసగా చదువుతారు. "అక్క. అక్క కొత్తది. అక్క కొత్తది రెండు. అక్క ఇదే. అక్క ఇదే కాదు. అక్క బాగుంది. అక్క కొంచెం బాగుంది. అక్క మళ్ళీ. అక్క మళ్ళీ కొత్తది." అక్కడ ఆగి కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. "ఇందులో ముందేదండి, వెనకేదండి? తేదీ అన్నా వేసుకోలేదా?"

"గుర్తుంటుందనుకున్నాను."

"అందరూ అలాగే అంటారండి. పోనీ ఒక్కదాని మీదన్నా ఇదే ఆఖరుది అని రాసుకోవచ్చు కదండీ."

నాకు ఒళ్ళు మండిపోతోంది. "బతికున్న మనిషి బొమ్మ మీద ఆఖరుది అని రాస్తారటండీ ఎవరైనా? డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరితే కొండెక్కిందంటాం. అక్క పేరు పక్కన ఆ మాట నా చేత్తో ఎలా రాయను?"

తాతబ్బాయిగారు కళ్ళజోడు జేబులో పెట్టుకుంటారు. "అదీ నిజమేలెండి. మా ఇంట్లోనూ రాయం," అని ఒప్పుకుని, చీపురు గోడకి ఆనించి వెళ్ళిపోతారు. చీపురు తన వంతుగా నిలబడే ఉంది.

మొదటి తలుపు తీస్తాను. లోపల అక్క ఉత్త గీతలుగా ఉంది. పెన్సిలు రంగు గీతలు, వాటి వెనక కుర్చీ కనబడుతోంది. నన్ను చూసి లేవబోతుంది కానీ పాదాలు గీయలేదు నేను. "ఫరవాలేదు, కూర్చో," అని చెప్పి తలుపు దగ్గరికి వేస్తాను.

రెండో గదిలో అక్క ఒకచోట, అక్క రంగు ఒకచోట ఉన్నాయి. రంగంతా కిటికీ దగ్గర నిలబడి రోడ్డు చూస్తోంది. చామనఛాయ, ముదురాకుపచ్చ చీర, కుంకుమ. అక్క మాత్రం తెల్లగా మంచం మీద ఉంది. కంప్యూటర్లో గీతలొక పొర మీద, రంగొక పొర మీద వేస్తాను. ఏ పొర మీద ఏముందో పేరు రాసుకోలేదు కాబట్టి ఏది దేని మీద కప్పాలో నాకు తెలియడం లేదు.

అయిదో గదిలో అక్క చెయ్యి పట్టుకుని లాగుతాను. కుర్చీ కూడా వస్తుంది. కుర్చీతో కర్టెన్ వస్తుంది, కర్టెన్‌తో గోడ వంగుతుంది.

"లాగకే రాజ్యం, పైకప్పు పడుతుంది," అంటుంది ఈ అక్క. "పొరలన్నీ కలిపి అతికించేసింది నువ్వే కదా."

"అప్పుడు తేలిగ్గా ఉంటుందనుకున్నానే."

"తేలిగ్గానే ఉంది. కదలడమే కుదరట్లేదు."

పన్నెండో గదిలో అక్క ముఖం చిన్న చిన్న గళ్ళుగా ఉంది. ఈ బొమ్మని ఫోన్లో పంపి, దించుకుని, దిద్ది, మళ్ళీ పంపాను. అలా ఎన్నిసార్లో. ఆమె మాట కూడా గళ్ళుగానే వస్తోంది, మధ్యలో అక్షరాలు రాలిపోతున్నాయి. ఏదో ముఖ్యమైన సంగతి చెబుతోందని చేతులు చూస్తే అర్థమవుతుంది. నాలుగుసార్లు చెప్పించుకుంటాను. చెప్పిన ప్రతిసారీ ఇంకాస్త పోతోంది. అయిదోసారి అడగడానికి భయం వేసి బయటికి వచ్చేస్తాను.

గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. ఇలా ఒక్కో ముఖం చూసుకుంటూ పోతే సాయంత్రానికి తేలేలా లేదు. పరీక్ష పెట్టాలి.

"చిన్నప్పుడు నేను మింగిన గుండీ ఏ రంగుదే?" అని అడుగుతాను, పదమూడో గది అక్కని.

"నీలం."

నీలమే! కళ్ళనీళ్ళొచ్చేస్తున్నాయి. కానీ ఎందుకైనా మంచిదని పద్నాలుగో గదిలోనూ అడుగుతాను. అక్కడా నీలమే. పదిహేనులోనూ నీలమే. పాదాల్లేని మొదటి అక్క కూడా వేళ్ళతో గాలిలో నీలం అని రాసి చూపిస్తోంది.

ఇరవయ్యో గది అక్కకి నా మీద జాలేసినట్టుంది. "వెర్రిదానా, నువ్వు గీసినవాళ్ళం. నీకు తెలిసిందే మాకు తెలుస్తుంది. నీకు తెలియనిది అడుగు," అంటుంది.

"నాకు తెలియనిది ఏంటో నాకెలా తెలుస్తుందే?"

"అదీ నిజమే," అని ఒప్పుకుని చీర చెంగు సర్దుకుంటుంది. చెంగుకి అంచు వెయ్యడం నేను మర్చిపోయాను.

అప్పుడు నాకు పెన్‌డ్రైవ్ గుర్తొస్తుంది. నా మొహం, పొద్దున్నుంచీ మెళ్ళోనే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నాను! పోతుందేమోనని దాన్ని నల్లపూసలకి పిన్నీసు పెట్టి తగిలించుకున్నాను, అందులో అక్క భద్రంగా ఉంది. ఆత్రంగా విప్పుతాను. లోపల ఒక తలుపు, తలుపు మూలన చిన్న బాణం గుర్తు. తలుపు తీస్తే నేను నిలబడి ఉన్న వసారాయే కనిపిస్తోంది, వసారాలో నేను వెనక్కి తిరిగి నిలబడి ఉన్నాను. గది దాచుకున్నాననుకుని గదికి పోయే దారి మాత్రం దాచుకున్నాను. ఏడాది పాటు దాన్ని గుండెల మీద పెట్టుకుని నిద్రపోయాను.

ఛీ! నేల మీద కూలబడి ఏడుస్తాను. చీపురు వంగి నన్ను చూస్తుంది. లేచి ముఖం తుడుచుకుని, ఈసారి ప్రతి తలుపూ తీసి ఒకటే అడుగుతూ పోతాను. "అక్కా, నా దగ్గర ఏం దాచావే?"

"ఏం లేదే."

"ఏం లేదే."

"నీ దగ్గర దాచేదేముందే?"

ముప్ఫై తొమ్మిది అయ్యాయి. నలభయ్యోదాని మీద కొత్త ఫోల్డర్ అని ఉంది. అందులో అక్క నుదురు మీద బొట్టు తప్ప ఏమీ లేదు. వేసి వదిలేసిన బొమ్మ. బొట్టు కూడా ఏం లేదే అంటుంది. ఆ గది గోడకి ఇంకో చిన్న తలుపు, దాని మీదా కొత్త ఫోల్డర్. వంగి వెళ్తాను. అందులో ఇంకోటి. మోకాళ్ళ మీద పాకుతాను. అందులో ఇంకోటి. బోర్లా పడుకుని మోచేతులతో జరుగుతాను. ఎందుకు పెట్టానో, ఎప్పుడు పెట్టానో నాకే తెలియని, మనిషి లేదని తాతబ్బాయిగారు లెక్కలో వేయని ఖాళీ గదులు. చివరిదాంట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని అక్క చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఒక్కో కాయనీ కుడికంటి దగ్గరికి తెచ్చుకుని మరీ చూస్తోంది.

"ఏం దాచావే?" అంటాను.

అక్క చేతులు ఆగుతాయి.

"ఎడం కన్ను కనబడట్లేదే, రాజ్యం. రెండేళ్ళయింది."

నేను కళ్ళు వేసిన ప్రతి ముఖంలోనూ ఎడం కన్ను మిలమిలలాడుతూ ఉంటుంది. కంట్లో వెలుగు చుక్క పెట్టడం నాకు చాలా ఇష్టం.

"చెప్పలేదేం?"

"చెబితే బొమ్మలు మానేసి నన్నేసుకుని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతావని. అయినా ఇన్నిసార్లు నా ముఖంలోకి చూశావు కదే. కనబడలేదా?"

సిగ్గుతో చచ్చిపోతున్నాను. దాని మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తాను. చెమట వాసన, చిక్కుడుకాయ పచ్చి వాసన, వెచ్చటి భుజం. ఇది మా అక్కే! "ఏడుపాపి ముందు బయటికి పద, నడుం పట్టేసింది," అని కసురుతుంది. ఆ కసురుకి ప్రాణం లేచొస్తోంది.

పాక్కుంటూ వసారాలోకి వచ్చేసరికి అయిదుకి ఇంకా పది నిమిషాలుంది. అక్క నా ఎదురుగా నిలబడి చీర దులుపుకుంటోంది. దొరికింది. ఇక ఏ భయమూ లేదు. కానీ నా బుద్ధి ఎక్కడికి పోతుంది? పొద్దున్నుంచీ పడ్డ బాధ కళ్ళ ముందే ఉంది. మళ్ళీ పోతే? ఈ పది నిమిషాల్లోనే ఏదన్నా అయితే? ఎందుకైనా మంచిది, ఒక్క కాపీ, ఒక్కటంటే ఒక్కటే.

అక్క భుజం మీద బొటనవేలు నొక్కి పక్కకి జరుపుతాను. పక్కన ఇంకో అక్క నిలబడుతుంది.

"ఏం చేశావే?" అంటారు ఇద్దరూ.

ఇద్దరి వేళ్ళకీ చిక్కుడుకాయ పసరుంది. కుడికంటికి చెయ్యి అడ్డం పెట్టి చూస్తాను. ఇద్దరికీ ఎడం కన్ను కనబడదు. ఏది ఎడమవైపు నిలబడిందో, ఏది కుడివైపు నిలబడిందో గుర్తు పెట్టుకునే లోపలే ఇద్దరూ నా చుట్టూ ఒక తిరుగు తిరిగి నా కళ్ళు తుడిచేశారు.

తాతబ్బాయిగారు చెప్పులు విడిచి లోపలికి వస్తారు. "దొరికారాండి?"

"దొరికిందండి."

ఆయన ఇద్దర్నీ చూసి బాధగా తల ఊపుతారు. "ఒక్కరేనండి. ఏమనుకోకండి. ఎవర్ని ఉంచమంటారు?"

"దాన్ని ఉంచండి, నేను పోతాను," అంటుంది ఒక అక్క.

"నోర్ముయ్యవే. దాన్నే ఉంచండి, నేను పోతాను," అంటుంది ఇంకో అక్క.

అసలుది అలాగే అంటుంది. ఇద్దరూ అలాగే అంటున్నారు. ఇంకేం గుర్తు పట్టేది! తాతబ్బాయిగారి కాళ్ళ మీద పడతాను. "బాబూ, నా గది తీసేసుకోండి. నా కంప్యూటర్ తీసేసుకోండి. నన్ను ఊడ్చేయండి. వీళ్ళిద్దర్నీ వదిలేయండి."

"పైకి లేవండమ్మా, ఆడకూతురు మీరు. నా చేతుల్లో ఏముందండి? నేను ఉత్త లెక్కవాణ్ణి. ఒకటి అంటే ఒకటి."

ఆయన చీపురు అందుకుని అవతలి గదులు మొదలుపెడతారు. గీతల అక్క తనే మడతలు పడిపోతుంది. రంగుల అక్క కిటికీ మీద నుంచి కారుతుంది. కర్టెన్ అక్క గోడతో సహా వెళ్తుంది. ఎవరూ అరవరు. ఒక్కో గది పోయినప్పుడల్లా ఇల్లు ఒక అడుగు దగ్గరికి జరుగుతోంది.

"ఒకటంటే ఒకటే కదా ఆయనకి కావాల్సింది," అంటుంది ఒక అక్క. "జడ అల్లేద్దాం. ముడి పడ్డది ఒకటే లెక్క."

"రెండు పాయలతో జడ పడదే," అంటుంది ఇంకో అక్క. ఇద్దరూ నా వైపు చూస్తారు. "నీ జుట్టు ఇలా ఇయ్యి."

పొరలు కలిపేయొద్దని ఉదయం నుంచీ నేర్చుకున్నదంతా గొంతు దాకా వస్తుంది. మింగేస్తాను. వీపు తిప్పి కూర్చుంటాను. ముగ్గురం వీపు వీపు ఆనించుకుని కూర్చుంటే వాళ్ళ నాలుగు చేతులు వెనక్కి వచ్చి అల్లుతాయి. అక్క అల్లితే ఎప్పుడూ నొప్పి ఉండదు. ఇప్పుడూ లేదు.

తాతబ్బాయిగారు వచ్చి మా నెత్తి మీద టేపు పెడతారు, జడ లాగి చూస్తారు. ఊడి రాదు.

"ఒకటేనండి," అని రాసుకుంటారు. "బాగా కట్టారు. వస్తానండి మరి." చెప్పులు తొడుక్కున్న చప్పుడు వినిపిస్తుంది.

గది ఇప్పుడు మేం ముగ్గురం పట్టేంతే ఉంది. అక్క దక్కింది. ఆ మాట గట్టిగా పైకే అంటాను. ముఖం చూసుకుందామని తల తిప్పుతాను. తలతో పాటు వాళ్ళ తలలూ తిరుగుతాయి. లేచి నిలబడి అటు నుంచి తిరుగుతాను, ఇటు నుంచి తిరుగుతాను. ముగ్గురం కలిసే తిరుగుతున్నాం. నాకు గోడే కనిపిస్తోంది.

"అక్కా, ఒక్కసారి ఇటు చూడవే."

"చూస్తున్నానే," అంటారు వెనక నుంచి.

జడ తనంతట తనే ఇంకా బిగుసుకుంటోంది. నా మెడ వెనక, జుట్టు మొదట్లో, చర్మం మెల్లగా విచ్చుకుని ఒక కన్ను తెరుచుకుంటుంది. రెప్ప వెంట్రుకలు తగులుతున్నాయి. అది కనబడే కన్నో, కనబడని కన్నో అడుగుదామని నోరు తెరుస్తాను. అక్కలిద్దరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు. రెప్ప పడినప్పుడల్లా నా వీపు మీదికి వెచ్చగా నీళ్ళు కారుతున్నాయి.