కాశీలో వదిలిన గోధుమ

బియ్యం కంట్రోలులో ఉన్న రోజులవి. ఆత్మకూరు హోటళ్లలో గోధుమ చొరబడని వంటకం లేదు. ఇడ్లీలో గోధుమరవ్వ, సాంబారు చిక్కబడడానికి గోధుమపిండి. ఉదయగిరిలో బట్టల కొట్టు నడిపే మాల్యాద్రి శెట్టికి మాత్రం గోధుమ ఏ రూపంలో లోపలికి పోయినా కడుపు తిరగబడేది. కిందటిసారి ఆత్మకూరులో తిని, సరుకు కొనుక్కుని తిరిగిపోతూ, చెట్టు చాటు కూడా లేని చోట బస్సు ఆపించాడు. జనమంతా కిటికీల్లోంచి చూశారు. ఆ కళ్లు ఇప్పటికీ అతని వీపు మీదే ఉన్నాయి.

పడదంటే ఎవరు వింటారు? "గోధుమ బలం గదా శెట్టీ, కొంచెం తింటే ఏం గాదు" అనేవాడు హోటలు జనార్దనయ్య. జబ్బు చెప్పుకున్నవాడు చిన్నవాడైపోతాడనీ, విన్నవాళ్లంతా వైద్యులైపోతారనీ మాల్యాద్రి కనిపెట్టాడు. అందుకే ఆరోజు ఆకు ముందు కూర్చోగానే, తనకే తెలియకుండా ఒక మాట అనేశాడు.

"సామీ, గోధుమ కాశీలో వదిలేసినాను."

కాశీకి పోయినవాళ్లు ఇష్టమైన తిండి ఒకటి అక్కడ వదిలి వస్తారని జనార్దనయ్యకు తెలుసు. మాల్యాద్రి నెల్లూరు దాటి ఎరగడని తెలియదు.

"ఎప్పుడు పొయ్యొచ్చినారు శెట్టిగారూ?" గారు అప్పుడే మొలిచింది. లోపల ఉన్న భార్యకు కేక వేశాడు. "వరదమ్మా! గిన్నె కడుగు, గరిటె కడుగు. పిండి లేకుండా చారు వేరే పెట్టు. ఆయన నియమం చెడితే పాపం మనకి!"

అన్నం, చారు, మజ్జిగ. గోధుమ జాడ లేదు. గంగలో నీళ్లు ఎట్లా ఉంటాయని పక్క ఆకు మనిషి అడిగితే "చల్లగా" అన్నాడు మాల్యాద్రి. అన్నాక నిజంగానే ఒంట్లో చలి పుట్టింది. తను పోయొచ్చాడేమోనన్న అనుమానం కూడా మొదలైంది.

చెయ్యి కడుక్కుంటుండగా జనార్దనయ్య దొప్పతో వచ్చాడు. "పొద్దున మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం తీసుకోండి."

గోధుమరవ్వ ప్రసాదం. నెయ్యి కారుతోంది.

"వదిలేసినాను గదా సామీ."

"ప్రసాదానికి ఆ పట్టింపు లేదు. కాశీకి పొయ్యొచ్చినవాళ్లు మీరే కాదంటే ఎట్లా?"

బయట ఉదయగిరి బస్సు హారను కొట్టింది. మాల్యాద్రికి దేవుడు కనిపించలేదు, కిటికీలు కనిపించాయి.

"నేను కాశీకి పోలేదు సామీ! కడుపుకు పడదు!"

తింటున్న చేతులన్నీ ఆగిపోయాయి. జనార్దనయ్య ముఖం ఎర్రబడింది. "ఆ మాటేదో కూర్చోగానే చెప్తే పోలా?"

"చెప్తే ఏం చేసుండేవాళ్లు?"

జనార్దనయ్య ఒకసారి వంటింటి వైపు, ఒకసారి దొప్ప వైపు చూశాడు.

"అదే సాంబారు పోసి, పిండి వెయ్యలేదని చెప్పుండేవాణ్ణి" అన్నాడు చివరికి. "నువ్వు ఎక్కు శెట్టీ, బస్సు పోతాది."

ప్రసాదం కళ్లకద్దుకుని తనే నోట్లో వేసుకున్నాడు.