దసరానాడు ఆర్పేసిన పెట్టె

నేను ఒక హార్డ్ డిస్కును తల్లీ, అరచేతిలో పట్టేంత ఇనుపపెట్టెను. ముసుగులు కట్టుకున్న మనుషులు ఎక్కడో దూరదేశంలో దుమ్ము కూడా సోకకుండా నన్ను తయారుచేశారు. చివరికి తెచ్చి ఎక్కడ పెట్టారనుకున్నారు? గోదావరి పక్క ఊళ్ళో, ఫ్యాను వేస్తే సున్నం రాలే ఆసుపత్రి గదిలో!

ఊరందరి రక్తపరీక్షలూ నా కడుపులోనే ఉండేవి. నాకున్న భయమల్లా ఒకటే. అడిగేది ఎవరో నాకు కనపడదు. పాస్‌వర్డుతో ఒకసారి తలుపు తెరిచారంటే, డాక్టరు అడిగినా దారిన పోయేవాడు అడిగినా చెప్పేస్తాను.

హెచ్ఐవీ మందుల కోసం ఒక ఇల్లాలు వచ్చేది. మొగుడు పోయాడు, చంకలో బిడ్డ. నన్ను చూసుకునే ఆపరేటరు భ్రమరాంబతో ఒకరోజు ఏడ్చింది.

"మా బావగారికి తెలిసిందంటే బిడ్డను లాక్కుని నన్ను గెంటేత్తారక్కా!"

"ఈ గది దాటి పోదే పిచ్చిదానా."

ఆ బావగారు చిట్టిబాబు ఆ ఆసుపత్రికే వాచ్‌మన్. ఇక నాకు నిద్రేదీ?

దసరాకు ఆయుధపూజ చేశారు. నా కంప్యూటరుకూ పసుపు, బొట్టు, బంతిపూల దండ. పూజలో ఉన్న యంత్రాన్ని ఆర్పకూడదని అక్కడి పట్టింపు. భ్రమరాంబ తన పాస్‌వర్డు కొట్టి, తెర వెలుగుతుండగానే వరండాలో హారతికి వెళ్ళింది. నాకు దిష్టి తీశారు గాని, తలుపు వేయడం మరిచారు!

చిట్టిబాబు వచ్చి కూర్చున్నాడు. ఒంటివేలితో మరదలి పేరు కొట్టాడు. అక్షరం అక్షరానికీ తప్పు కొట్టాలని మొక్కుకున్నాను. ఆగుదామంటే నా చేతిలో ఉందా? వెతికాను. దొరికింది. పాత కంప్యూటరు కదా, తెర మీద గుండ్రం ఇంకా తిరుగుతోంది.

కర్పూరం మరిచిపోయి భ్రమరాంబ వెనక్కి వచ్చింది.

"ఏం చిట్టిబాబూ, గేటు ఇక్కడికొచ్చిందా?"

"మా మరదలి టెస్టులేంటో చూద్దారని... ఇంటి మనిసినే కదండీ."

ఆమె గోడ దగ్గరికి ఉరికి ప్లగ్గు లాగేసింది. తెర నల్లబడింది.

"అపచారమండీ! పూజలో ఆర్పేశారు!"

"అమ్మవారికి నేను చెప్పుకుంటాలే. ముందు నువ్వు లే!"

ఆనాటి నుంచి మనిషి లేచి వెళితే తెర తనంతట తానే మూసుకునేలా పెట్టించింది. అయినా గుమ్మంలో బూటు చప్పుడైతే నాకు ఆ ఒంటివేలే గుర్తొచ్చేది.

ఇప్పుడు ముసలిదాన్నయ్యాను. పాతసామాను గోతం ముందు పెట్టారు.

"అంతా చెరిపేశారు కదమ్మా, ఇటిచ్చెయ్యండి" అన్నాడు కొనేవాడు.

"చెరిపినా తవ్వి తీసేవాళ్ళుంటారయ్యా" అంటూ భ్రమరాంబ డ్రిల్లింగు మిషను తెప్పించింది. "సరిగ్గా నడిమధ్యన చిల్లు పెట్టు" అంది తెచ్చినవాడితో.

మొన తిరుగుతూ దగ్గరికొస్తోంది. భయంగానే ఉంది తల్లీ. కానీ ఆ ఇల్లాలి పేరు నాతోనే పోతుంది. ఇంతసేపు కబుర్లు చెప్పానా, ఆ పేరు మీకైనా చెప్పానా?