గఫూరు బండికి డ్యాము

గఫూరు పికప్పుకి ఎడమవైపు తలుపు లోపలినుంచి తెరుచుకోదు. ఎప్పటినుంచో అంతే. ఎవరిని ఎక్కించుకున్నా, దిగే చోటు రాగానే గఫూరే ముందు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, బయటినుంచి తలుపు తీసేవాడు. "మాకు మర్యాదలు బాగానే చేస్తన్నావు గఫూరన్నా" అని రైతులు నవ్వేవాళ్లు. భార్య నసీమున్నీసా మాత్రం, ముందు ఆ గడియ బాగుచేయించు, మర్యాదలు తర్వాత చేద్దువుగాని అని సాధించేది. ఆయన వినిపించుకుంటేగా. పరిగెత్తే బండికి వంకలు పెట్టడం ఆయనకు గిట్టదు.

బండి పాతదే. ఎక్కడ రంగో ఎక్కడ తుప్పో కొత్తవాళ్లు చెప్పలేరు. అయినా చిలకలూరిపేట చుట్టుపక్కల నల్లరేగళ్లలో పండిన పత్తిని జిన్నింగు మిల్లులకూ, మిరపకాయను గుంటూరు యార్డుకూ చేర్చడంలో దానికి పేరుంది. గఫూరు బండికెత్తిన టిక్కీ, అంటే మిరపకాయ బస్తా, తడిసిందనిగాని, చిరిగి కాయలు రోడ్డుపాలయ్యాయనిగాని ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదు. ఆ మాట ఆయన నోటితో ఆయనే రోజుకోసారైనా చెప్పుకుంటాడు. చెప్పుకోనివ్వండి, అబద్ధం కాదుగా.

అలాంటివాడికి ఈ ఏడు ఎడమ మోకాలు ఎదురుతిరిగింది. క్లచ్చు తొక్కినప్పుడల్లా ప్రాణం పోయినంత పనవుతోంది. సంగతి ఎలా తెలిసిందో, వినుకొండలో పాత బండ్లు కొనే మాలిక్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. అమ్మేసి ఇంటిపట్టున ఉండమంది నసీమున్నీసా. కూతురు సైమా ఒక్కతే అడ్డం తిరిగింది.

"నేను తోల్తాను నాన్నా" అంది.

తోలలేక కాదు. డీజిల్ మెకానిక్‌లో ఐటీఐ చేసింది, లైసెన్సు తెచ్చుకుంది, ఊరి సందుల్లో ఆ బండిని వెనక్కి తిప్పడం తండ్రికన్నా బాగా చేస్తుంది. చిక్కంతా హైవే మీదే. వెనక టిక్కీల బరువు, ముందు బంపరు కింద దూరే గాలి, రెండూ కలిసి బండి మూతిని పైకి లేపుతాయి. వేగం పెరిగేకొద్దీ స్టీరింగు తేలిపోతుంది. పక్కనుంచి పెద్ద లారీ ఏదైనా దూసుకుపోయిందా, బండి ఒక్క ఊపు ఊగి పక్క గీత దాటబోతుంది. గఫూరుకి ఆ కుస్తీ అలవాటే. కూతురు ఆ కుస్తీ పడుతుందని తలుచుకుంటేనే ఆయన గుండె జారిపోయేది. భయంగా ఉందని ఒప్పుకోవడానికి నామోషీ అడ్డొచ్చింది.

"మూతి లేవకుండా చెయ్. ఆ రోజు తాళం నీ చేతికిస్తా" అన్నాడు. "లేదంటే సోమవారం మాలిక్ వస్తన్నాడు, అతనికిస్తా."

కుదరని పని చెబితే ఊరుకుంటుందనుకున్నాడు. కూతుర్ని కని పెంచాడే గాని, ఎవరి మొండితనం వచ్చిందో గమనించుకోలేదు.

మర్నాడే సైమా ఆయన్ని వెల్డింగు షాపు హయాత్ దగ్గరికి తీసుకెళ్లింది. "కొత్త బండ్లకి బంపరు కింద పలకొకటి దిగి ఉంటది చూడు నాన్నా. గాలిని కిందకి దూరనీదు. ఎయిర్ డ్యామ్ అంటారు దాన్ని. దూరే గాలి తగ్గితే మూతి లేవదు. మన బండికీ పెడదాం. జిన్నింగు మిల్లులో అరిగిపోయిన రబ్బరు బెల్టు ముక్క తెచ్చి బిగిస్తే చాలు."

"రబ్బరేంది, చెప్పుల షాపా ఇది" అన్నాడు గఫూరు. "హయాతూ, మందం రేకు కొయ్. నేలకి నాలుగు వేళ్ల ఎత్తు ఉంటే చాలు. పెడితే జన్మకి ఊడకూడదు."

"ఊళ్లో కిందకి తగులుద్ది నాన్నా."

"నాకు తెలియని రోడ్డా?"

హయాత్ ఇద్దరి మొహాలూ చూసి, వయసుకి మర్యాద ఇచ్చి రేకే కోశాడు. ఎర్రరంగు వేశాక నిజంగానే ముచ్చటగా ఉంది. గఫూరు మోకాలి నొప్పి మర్చిపోయి, దాన్ని నలుగురికీ చూపించాలని తానే తోలుకుంటూ ఊళ్లోకి బయల్దేరాడు. సైమా వెనక తొట్టిలో ఎక్కింది.

మాఘం వెళ్లేసరికి ఆ ఊరి రోడ్డులో సగం బండ్లదీ సగం ఆరబోసిన మిరపకాయలదీ. అక్కడ అందరూ పాటించే పద్ధతి ఒకటుంది. ఎదురుగా బస్సు వస్తే, ఎత్తుబండివాడు కాయలవైపు జరిగి, వరసను రెండు చక్రాల మధ్యకు తీసుకుని, ఒక్క కాయ నలగకుండా పైనుంచి దాటించాలి. ఆ విద్యలో గఫూరుని మించినవాడు లేడు. ఆరోజు మిరప రైతు కనకలక్ష్మి కాయలు ఆరబోసిన చోటికి రాగానే బస్సు ఎదురైంది. గఫూరు చెయ్యి అలవాటుగా తిరిగింది. కాయల వరస అచ్చంగా మధ్యకు వచ్చింది. కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు.

తేడా అంతా రేకులో ఉంది. అది గొర్రు తోలినట్టు కాయలన్నిటినీ తోసుకుంటూ పోయింది. బండి ఆగేసరికి బంపరు ముందు ఎర్రగా గుట్ట పడింది. నలిగిన కాయల ఘాటు లేచింది. బస్సులోవాళ్లు దగ్గు, రోడ్డు పక్కవాళ్లు తుమ్ములు, కండక్టరు కళ్లు తుడుచుకుంటూ తిట్లు.

"ఏందన్నా ఇది" అంది కనకలక్ష్మి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "నా కాయలు ఊడ్చుకుపోవడానికి పార కట్టించుకున్నావా బండికి?"

గఫూరుకి ఇన్నేళ్ల పేరు ఆ గుట్ట కింద పడి నలిగినట్టనిపించింది.  సైమా తొట్టిలోంచి దిగి, పిన్నీ నేను చూసుకుంటానంటూ కనకలక్ష్మితో పాటు కూర్చుని నలిగినవి ఏరేసి, మంచివి మళ్లీ ఆరబోసింది. నేను చెప్పలేదా అని కూతురు అని ఉంటే గఫూరు కోప్పడి తేలికపడేవాడు. అనకపోవడంతో ఆయనకి ఆ దారీ లేకుండా పోయింది.

"తీసెయ్యమ్మా దాన్ని" అన్నాడు ఇంటికి రాగానే. "మాలిక్‌ని రమ్మందాం."

"రేకు తీసేస్తా. మాలిక్ సంగతి సోమవారం చూద్దాం" అంది సైమా.

మిల్లువాళ్లు పారేసిన బెల్టు ముక్క తెచ్చింది. హయాత్ కొట్టులో కూర్చుని తానే కోసింది. దాన్ని బంపరుకి నేరుగా బిగించకుండా తలుపుల బందులు వేసి వేలాడదీసింది. గాలికి వెనక్కి మడతపడకుండా రెండు చువ్వలు ఆనించింది. ఊళ్లో ఉన్నంతసేపు పైకి మడిచి గొళ్లెం పెట్టుకోవచ్చు, హైవే ఎక్కేముందు దింపుకోవచ్చు. బురదలో దిగే ఆడవాళ్లు కుచ్చిళ్లు ఎగదోపుకున్నట్టు. గఫూరు అరుగు మీద కూర్చుని అంతా చూస్తూనే, చూడనట్టు మొహం పెట్టుకున్నాడు.

సోమవారం తెల్లారగానే కనకలక్ష్మి నుంచి కబురు. ఆమె కాయలు యార్డుకి వెళ్లాలి. బండి తీసుకురమ్మంది గాని, తోలేది ఎవరని అడగలేదు. గఫూరు జేబులోంచి తాళం తీసి చేతిలో కాసేపు ఆడించి, కూతురికిచ్చాడు.

"పక్కన నేనుంటా. ఊగిందంటే మాత్రం ఆపెయ్."

తన బండిలో ఎడమవైపు కూర్చోవడం ఆయనకి అదే మొదటిసారి. టిక్కీలు ఎత్తాక, కనకలక్ష్మి రోడ్డు మీదికొచ్చి నిలబడింది. సైమా రబ్బరు తెర మడిచి గొళ్లెం పెట్టి, ఇంకా ఆరుతున్న కాయల వరసను చక్రాల మధ్యకు తీసుకుని దాటించింది. ఒక్క కాయ కదల్లేదు. కనకలక్ష్మి వంగి చూసి, పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

హైవే మొదట్లో సైమా దిగి తెర దించి వచ్చింది. వేగం పెరిగింది. గఫూరు మూతి ఎప్పుడు తేలుతుందా అని కాళ్లు బిగబట్టి కూర్చున్నాడు. ఎడమ కాలు లేని క్లచ్చును తొక్కుతోంది. వెనకనుంచి కంటైనరు లారీ హారన్ కొడుతూ వచ్చి, రొదతో పక్కనుంచి దాటింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. బండి కాస్త అదిరింది, అంతే. గీత తప్పలేదు. కళ్లు తెరిచి చూస్తే, సైమా చేతులు స్టీరింగు మీద వదులుగా ఉన్నాయి.

ఇన్నేళ్లు తాను పళ్లు బిగించి పట్టుకున్న స్టీరింగు అది. ఆయన ఛాతీ పొంగింది. ఆ పొంగు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

జేబులో ఫోన్ మోగింది. మాలిక్.

"వినుకొండలో బయల్దేరుతున్నా గఫూర్ భాయ్. కాయితాలు తీసిపెట్టు."

"రావొద్దు మాలిక్" అన్నాడు గఫూరు. "తోలే మనిషి లేక అమ్ముదామనుకున్నా. నాకంటే మంచి మనిషి దొరికింది."

ఫోన్ జేబులో పెట్టుకున్నాక కూతురివైపు చూడటానికి ఆయనకి సిగ్గేసింది. సైమా రోడ్డుమీదనుంచి చూపు తిప్పలేదు గాని, నవ్వుతోందని బుగ్గ చూస్తేనే తెలుస్తోంది.

యార్డులో బండి ఆగింది. హమాలీలు గఫూరు కోసం కుడివైపుకి వచ్చారు. అటునుంచి సైమా దిగింది. గఫూరు అలవాటు కొద్దీ తలుపు మీద చెయ్యి వేసి, అప్పుడు గుర్తొచ్చి, వెనక్కి తీసుకున్నాడు. సైమా చుట్టూ తిరిగి వచ్చి, బయటినుంచి తలుపు తీసి పట్టుకుంది. ఎందరికో ఆ తలుపు తీసిన మనిషి, తనకోసం తీసిన తలుపులోంచి, మోకాలు పట్టుకుని నింపాదిగా దిగాడు. హమాలీలు పక్కకి జరిగి దారిచ్చారు.

"కొత్త డ్రైవరా గఫూర్ భాయ్?" అన్నాడొకడు.

"నా కూతురు" అన్నాడు గఫూరు, యార్డులో సగంమందికి వినపడేట్టు.

సైమా తలుపు వేసి గడియ తట్టి చూసింది. "రేపు హయాతన్న దగ్గర దీన్ని కూడా బాగుచేయిస్తా నాన్నా. లోపలినుంచి తెరుచుకునేట్టు."

"వద్దమ్మా" అన్నాడు గఫూరు. "అదట్టాగే ఉండనీ."