మూసి గీసిన తలుపు

మోహన్‌కృష్ణ మా దీవుల్లోని షాదీపూర్‌లో ఒక కాంట్రాక్టర్ గారబ్బాయి. సముద్రం అవతల మెయిన్‌లాండ్‌లో ఆర్కిటెక్ట్ చదువు చదివి, సునామీ వచ్చిన మరుసటి ఏడాది తిరిగొచ్చాడు. హోప్ టౌన్‌లో ఇళ్లు పోయిన మా కోసం కొండవాలు మీద కట్టిన కాలనీకి ప్లాను గీసింది అతనే. ప్రతి ఇంటికీ వీధి తలుపు సముద్రం వైపు పెట్టాడు.

నా భర్త నూకన్నను ఆ సముద్రమే తీసుకుపోయింది. నా ఇంటి తలుపు కొండవైపు పెట్టమని అడిగాను.

“ఒక్క ఇల్లు తిరిగితే వీధంతా చెడిపోద్ది దీదీ. గాలి కూడా రాదు,” అన్నాడు.

“గాలి నానేటి సేసుకోను బాబూ?”

అతను వినలేదు. ఇల్లు చేతికొచ్చాక ఆ తలుపుకు గడియ పెట్టి, వంటింటి తలుపు నుంచే రాకపోకలు సాగించాను.

తర్వాత అతను విశాఖపట్నం కాలేజీలో పాఠాలు చెబుతున్నాడని విన్నాను. జుట్టు నెరిశాక, మొన్న విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చాడు. తాను ప్లాను గీసిన ఇంటిని వాళ్లచేత కొలిచి గీయించాలట. వీధి తలుపు తట్టాడు.

“ఎనక్కి రా బాబూ!” అని లోపలినుంచే కేకేశాను.

అందరూ వంటింట్లోంచి వచ్చారు. కాసేపటికే పిల్లలు కాగితాలతో విసురుకోసాగారు.

“ఈ ఇంట్లో గాలి దూసుకెళ్తుందని క్లాసులో చెప్పారు కదా సార్?” అంది సుమ అనే అమ్మాయి.

“గాలి కావాలంటే మా ఇంటికి రండమ్మా. ఇక్కడ సెమటే దొరుకుద్ది,” అంది వాళ్ల వెనకే వచ్చిన పక్కింటి కాళమ్మ.

మోహన్‌కృష్ణ గడియ మీద చెయ్యి వేశాడు. “ఒక్కసారి తీద్దాం దీదీ. పిల్లలు చూశాక మూసేద్దాం.”

“సెయ్యి తియ్ బాబూ.”

చెయ్యి తీశాడు. సుమ గీస్తూనే ఉంది. ఆ తలుపు దగ్గర ఒక వంపు గీత తిప్పింది.

“అదేటమ్మా?” అని అడిగాను.

“తలుపు తిరిగే దారి ఆంటీ. ప్లానులో తలుపులన్నీ తెరిచినట్టే గీస్తాం.”

“ఇది తెరవను కదా.”

సుమ మాస్టారి వైపు చూసింది. “అయితే గోడ గీసేయనా సార్?”

“గోడ కాదమ్మా,” అన్నాను. “తలుపే. మూసుంది.”

మోహన్‌కృష్ణ పెన్సిల్ అందుకున్నాడు. వంపు చెరిపి, రెండు గోడల మధ్య సన్నగా ఒక గీత గీశాడు.

“ఇంతేనా దీదీ?”

“ఇంతే.”

“ఇలా గీస్తే మార్కులు పోతాయి సార్,” అంది సుమ.

“దిద్దేది నేనేగా,” అన్నాడు మెడ తుడుచుకుంటూ.

వెళ్లేటప్పుడు పిల్లలందరినీ వంటింటి తలుపు నుంచే బయటికి నడిపించాడు.