పత్రికలో పోయిన ప్రాణం

విమానం కూలి అందరూ మరణించారని పత్రిక చదివి వినిపించింది అబ్రాహాము పంతులే. ఆయన ఎల్లారెడ్డి మిషన్ బడిలో చదువు చెప్పేవాడు. కామారెడ్డి నుంచి బస్సులో వచ్చే పత్రికను అరుగు మీద నలుగురికీ చదివి పెట్టడం ఆయన అలవాటు. ఆ వార్తలో ఒక నవాబు పేరు బిరుదులన్నిటితో ఉంది. ఆ వెంట 'ఒక నౌకరు' అని ఉంది. ఆ నౌకరు, పట్నంలో ఆ నవాబు దగ్గర పనిచేసే ఈ ఊరి బాలమల్లు. ఆదివారం వాక్యం చదివే గొంతుతోనే పంతులు దాన్నీ చదివాడు. అచ్చులో ఉన్నదాన్ని శంకించడం ఆయనకు తెలియదు.

శవం రాకుండానే దినాలు మొదలైనాయి. పదోనాడు, వాగు ఒడ్డున బాలమల్లు భార్య కమలవ్వ గాజులు పగలగొట్టే వేళకు కొత్త పత్రిక వచ్చింది. లోపలి పేజీలో, తలనొప్పి మందు ప్రకటన కింద చిన్న అక్షరాలు: ఇంజను చెడి విమానం జొన్నచేలో దిగింది, ప్రాణనష్టం లేదు.

పంతులు వాగు ఒడ్డుకు ఉరికాడు.

"ఆగుండ్రి! బాలమల్లు బతికే ఉన్నడట!"

కులపెద్ద లస్మయ్య గాజుల మీదికి ఎత్తిన రాయి దించలేదు. "మొన్న నువ్వే సంపితివి, ఇయ్యాల నువ్వే లేపుతున్నవా? మీ ఏసు మూడోనాడే లేచిండంటివి, మావోనికి పది దినాలు వట్టెనా పంతులూ?"

ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. కమలవ్వ తలెత్తింది.

"మొన్న రాసినోడు సూసి రాసిండా పంతులూ?"

ఇవాళ్టిదే నిజమని గట్టిగా అంటే గాజులు మిగులుతాయి. కానీ మొన్న అంతమందినీ ఏడిపించింది ఆ గట్టి గొంతే కదా.

"తెల్వదవ్వా."

"ఇయ్యాల్టోడు?"

"అదీ తెల్వది. నేను సదివిన, అంతే."

"ఎవలు సూసిన్రో తెల్వని సావుకు నా చేతులెందుకు బోడి జేసుకోవాలె? పట్నం పోయి నేనే సూసొస్త."

"సచ్చినోని పెండ్లాం బస్సెక్కుతదా?" అన్నాడు లస్మయ్య.

"సచ్చిండని సూపియ్యి మామా, ఎక్క."

లస్మయ్య రాయి కింద పెట్టాడు.

అత్త ఎంకవ్వ, పంతులు కమలవ్వకు తోడు వెళ్లారు. మరునాడు కామారెడ్డి స్టేషనులో వాళ్లు పట్నం పోయే బండి కోసం చూస్తుండగా, పట్నం నుంచి వచ్చిన ఎదురు బండిలోంచి బాలమల్లు దిగాడు. చేతికి కట్టు ఉంది. ఎంకవ్వ కొడుకు మొహమంతా తడిమింది. కమలవ్వ కదలలేదు.

"నవాబు కాలిరిగి దవాఖానల వడె అవ్వా, ఇడిసి రాలేకపోయిన" అన్నాడు. పంతులు చంకలోని పత్రికలు చూసి, "మా సంగతి రాసిన్రా పంతులూ? ఏమని రాసిన్రు? సదువుండ్రి!" అని అడిగాడు.

పంతులు విప్పబోతే కమలవ్వ ఆపింది.

"రాసెటోళ్లు రాసిన్రు. ఏమైందో నువ్వు జెప్పు."

బాలమల్లు అక్కడే చతికిలబడ్డాడు. పంతులు ఎదురుగా కూర్చున్నాడు.

"మొదలు ఒక రెక్క దిక్కు సప్పుడు బందయింది. నవాబుసాబు నా చెయ్యి వట్టుకున్నడు. ఇంక ఇడ్వలే."