మొదలు ఒర్రాలె

దామోదర్ రావు ఇంట్ల టైక్వాండో అంటే గోడకున్న ఫోటో. బిడ్డ స్పందన తెల్ల డ్రెస్సు మీద నల్ల బెల్టు కట్టుకొని, కాలు చెవుల దాక లేపి తన్నుతున్న ఫోటో. ఇంటికి ఎవరచ్చినా చాయ్ కంటే ముందు గదే చూపెట్టేటోడు. ఫ్యాన్ బాగు చేసెతందుకు అచ్చినాయినకైతే నిచ్చెన మీద ఉండంగనే చూపెట్టిండు.

ఫోటోకు సప్పుడు ఉండది. గదే ఆయనకు బాగా నచ్చిన సంగతి.

అసలు టైక్వాండోల తన్నుడు ఎంతనో ఒర్రుడు గంత. కిహాప్ అంటరు దాన్ని. కడుపుల నుంచి కేక పెట్టుకుంట తన్నాలె. స్పందన కొత్తగ నేర్చుకునే రోజులల్ల జగిత్యాలల వాళ్ల డాబా మీద గట్లనే ఒర్రింది. పక్కింటి బాలమణి పిట్టగోడ కాడికచ్చి, "ఏమైంది శారదక్కా?" అని అడిగింది. స్పందన వాళ్ల అమ్మ శారద ఆలోచన కూడా చెయ్యలే. "పాలు పొంగినయ్" అన్నది. గా దినమే ఇంట్ల రూలు పడ్డది. తన్నుకో బిడ్డా, గని నోరు మూసుకొని తన్ను. అప్పట్నుంచి స్పందన డాబా మీద సప్పుడు కాకుంట గాలిని తన్నుకుంటనే పెద్దగయ్యింది.

ఇప్పుడు ఆమెకు సిరిసిల్లల ఆడపిల్లల హాస్టల్ స్కూల్ల కోచ్ ఉద్యోగం అచ్చింది. అక్కడ్నే ఉండాలె. సోమవారం చేరాలె. ఫోటో ఉద్యోగానికి పోతదని దామోదర్ రావు ఎన్నడు అనుకోలే.

"ఒక్కదానివి ఎట్ల ఉంటవ్?"

"నల్ల బెల్టు ఉన్నది కద బాపు."

"గది పోటీలల్ల. బయటోడు నీకు వంగి దండం పెట్టి కొడ్తడా?"

మాట తప్పు కాదు. స్పందన పోయి తనకు నేర్పిన మాస్టర్ వెంకటినే అడిగింది, ఇది బయట పని చేస్తదా సార్ అని. వెంకటి అబద్ధం చెప్పలే. "చెవుల దాక లేపే కాలు పాయింట్లకు, ఫోటోలకు. బయటైతే మొదలు ఒర్రు, తర్వాత కింద తన్ను, తర్వాత ఉరుకు. బలమైనోడు పట్టుకుంటే ఇడిపించుకునుడు కష్టం. పట్టు వాడే ఇడిసెటట్టు చెయ్యాలె" అన్నడు.

ఆదివారం కోరుట్లల మేనత్త కొడుకు శశాంక్ కొత్తింటి దావత్. శశాంక్ జిమ్ముకు పోతడు. పోతడని అందరికి ఎరుకుండాలని చిన్న సైజు అంగీలు తొడుగుతడు. మటన్ తిన్నంక అందరు హాల్ల కూసున్నరు. దామోదర్ రావు మూతి తుడుసుకొని చెప్పిండు.

"శశాంక్, మా పిల్ల చెయ్యి పట్టుకో. ఇడిపించుకుంటే సిరిసిల్లకు పోతది. లేకుంటే ఇంట్ల ఉంటది."

సుట్టాలు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నరు. స్పందన లేచింది. ఉద్యోగం కోసం శశాంక్ ముంగట చెయ్యి సాపుతున్నట్టే ఆమెకు అనిపించింది.

"కాలు లేపద్దు, కొత్త టైల్స్" అన్నడు శశాంక్. "మోకాలు ముట్టద్దు, నొప్పున్నది. మొకం జోలికి రావద్దు, వచ్చే వారం పెండ్లిచూపులు. వేలు వంచద్దు, ఉంగరం టైటున్నది."

"మరి ఏం మిగిలింది బావా?"

"రియల్ లైఫ్ల గింతే ఉంటది మరదలా."

"రియల్ లైఫ్ల దొంగకు టైల్స్ మీద గింత పావురం, గింత ప్రేమ ఉంటదా?"

ఎవరో నవ్విండ్రు. శశాంక్ పట్టుకున్నడు. చెయ్యి పట్టుకోమంటే రెండు చేతులు వేసి పట్టిండు. స్పందన మణికట్టు తిప్పింది, గుంజింది, భుజం వంచింది. రాలే.

"అయిపాయె" అన్నడు దామోదర్ రావు. "పని చెయ్యదని ముందే చెప్పిన. పాన్‌లు తేండ్రి."

పాన్‌లు అచ్చినయ్. శశాంక్ మాత్రం చెయ్యి ఇడువలే.

"ఓడిపోయిన బావా అను, ఇడుస్త. అందరు వీడియో తీయుండ్రి."

"ఇడువు బావా. నొస్తుంది."

"అను ముందు." ఇంకింత దగ్గరికి గుంజిండు.

"బావనే కదనే" అన్నది మేనత్త. "బావ పరాచకమాడకపోతే ఇంకెవరు ఆడుతరు?"

స్పందన తండ్రి దిక్కు చూసింది. ఆయన స్వీట్ పానా, సాదా పానా అని చూస్తున్నడు.

"ఇడువు" అన్నది మల్ల. శశాంక్ ఫోన్ల దిక్కు నవ్విండు.

స్పందన ఒర్రింది.

డాబా మీద ఇన్నేండ్లు మింగిన కేకలన్ని ఒక్కపారి బయటికచ్చినయ్. వెనుక వంటోళ్లు గంటెలు పట్టుకొని ఉరికచ్చిండ్రు. ఒక ముసలాయన చేతిల పాన్ కిందపడ్డది. శశాంక్ చేతులు వాటంతటవే ఇడిసినయ్, గా లోపల్నే ఆమె మడిమ వాని ముంగాలికి తాకింది. బావ సోఫాల పడ్డడు. టైల్స్‌కు ఏం కాలే.

ఒర్రుడు అయ్యింది, తన్నుడు అయ్యింది. మూడోది మాత్రం స్పందన చెయ్యలే. ఉరకలే. గక్కడ్నే నిలబడ్డది.

మేనత్త ఐసు తెచ్చింది. ఎర్రగైన మణికట్టుకు కాదు, ముంగాలికి.

"సారీ చెప్పు" అన్నడు దామోదర్ రావు.

"చెప్ప."

"సుట్టాలల్ల పరువు తీస్తివి. గా ఒర్రుడేంది?"

"టెస్టు అయిపోయిందని నువ్వే చెప్పినవ్ బాపు. అటెనుక పట్టుకున్నదాన్ని ఏమంటరు?"

హాల్ల అందరు పాన్ నమిలిండ్రు.

కారు జగిత్యాలకు తిరిగింది. దామోదర్ రావు స్టీరింగుకు చెప్తున్నట్టు చెప్పిండు. "ఏమన్నా గని, టైక్వాండో రియల్ లైఫ్ల పని చెయ్యది."

ముందు సీట్ల శారద కిటికీల నుంచే చూస్తుంది. "చెయ్యకుంటే శశాంక్ ఎందుకు కుంటుతుండు?"

"గది వేరే. వాడు మనోడు."

"పట్టుకున్నది మనోడే బాపు" అన్నది స్పందన వెనుక నుంచి. "నేను రేపు సిరిసిల్లకు పోతున్న. నువ్వు బస్టాండ్ల దింపుతె దింపు, లేకుంటే ఆటోల పోత."

ఇంటికి రాంగనే స్పందన డాబా ఎక్కింది. నిలబడ్డది, పిడికిలి బిగించింది, గొంతు నిండ ఒర్రి తన్నింది. మల్ల ఒర్రింది. అవతల డాబా మీద బట్టలు తీస్తున్న బాలమణి పిట్టగోడ మీది నుంచి కిందికి తొంగిచూసింది.

"ఏమైంది శారదక్కా?"

శారద వాకిట్ల మిరపకాయల తొడిమలు తీస్తుంది. తల లేపలే.

"ఏం కాలే బాలమణి. మా బిడ్డ ఒర్రుతుంది."