ప్రార్థన గదిలో పసిపిల్లలు

వాష్‌బేసిన్‌లో పాలు పారుతున్నాయి. తల్లిపాలు.

మర్నాడు మంత్రి వస్తాడని ఏర్పాట్లు చూడటానికి బట్టల ఫ్యాక్టరీకి వచ్చిన వార్డు మెంబరమ్మ, చేతులు కడుక్కుందామని ఆడవాళ్ల బాత్రూమ్ తలుపు తోసి గుమ్మంలోనే నిలబడిపోయింది. బేసిన్ల ముందు కొందరు ఆడవాళ్లు వరసగా నిలబడి, రవికలు వదులు చేసుకుని, పంటి బిగువున పాలు పిండేసుకుంటున్నారు. బయటి నుంచి సూపర్‌వైజరు తలుపు మీద దబదబా బాదుతోంది. "ఎంతసేపమ్మా? లైను ఆగిపోయింది. రండి, రండి."

పిండకపోతే ఏమవుతుందో బిడ్డను కన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. రొమ్ములు గట్టిపడతాయి, జ్వరం కాస్తుంది. రవిక తడిసి, ఆ తడి కుడుతున్న చొక్కాకి అంటుకుంటే పీసు పాడైందని జీతంలో కోత పడుతుంది. అవతల ఇంటి దగ్గర బిడ్డ పొరుగింటి ముసలమ్మ ఒళ్లో చక్కెర నీళ్లు చప్పరిస్తూ గుక్కపట్టి ఏడుస్తుంటుంది. ఇవతల దాని తిండి మురిక్కాలవలో కలుస్తుంటుంది. పసిబిడ్డ నోటి ముందరిది లాక్కోవడం దొంగతనం కాకపోతే మరేమిటి? కాకపోతే ఈ దొంగను పట్టుకునే పోలీసు ఇంకా పుట్టలేదు.

వరసలో చివర నిలబడ్డ మనిషి ఇటు తిరిగింది. మెంబరమ్మ కూతురే.

కూతురు ఇక్కడ కుట్టు లైనులో పనిచేస్తుందని మెంబరమ్మకు తెలుసు. కాన్పయ్యాక మళ్లీ పనిలో చేరిందనీ తెలుసు. చంటిదాని పాలకు ఏం చేస్తున్నావని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. వార్డులో కుళాయిల గొడవలు, పింఛన్ల గొడవలు, పొద్దస్తమానం ఎవరో ఒకరు వాకిట్లో. కాళ్లకు బలపం కట్టుకు తిరిగే మనిషికి మనవరాలి ఆకలి గుర్తుకు రాలేదు.

"పిల్లల కోసం ఒక గది ఉండాలి కదే, చట్టమే ఉంది. మేనేజర్ని అడగలేదా మీరు?" అంది చివరికి.

కటింగ్ సెక్షన్ పెద్దావిడ నవ్వింది. చేతిలో కత్తెర కన్నా నాలుకే పదునని ఆమెను అందరూ కత్తెరక్క అంటారు.

"ఉండేది మెంబరమ్మా. రెండు ఉయ్యాలలు కూడా ఉండేవి. మీరొచ్చి పనివాళ్లకు ప్రార్థన గది కావాలన్నారు. కంపెనీవాళ్లు కొత్తగా ఒక్క ఇటుకైనా పేర్చలేదు. ఉయ్యాలలు తీసి గోదాములో పడేసి, అదే గదిలో చాపలు పరిచారు. రిబ్బను మీరే కత్తిరించారు, నేను చప్పట్లు కూడా కొట్టాను."

మెంబరమ్మకు తల కొట్టేసినట్టయింది. వార్డుకు నీళ్ల పైపు కావాలని ఆమె తిరగని ఆఫీసు లేదు, అది ఇప్పటికీ రాలేదు. వీధి దీపాలు అడిగితే ఆరు నెలలకొకటి చొప్పున విదిల్చారు. దేవుడి గది మాత్రం అడగ్గానే ఇచ్చారు. అదంతా దేవుడి దయ అనుకుని ఆ రోజు ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. అంత తొందరగా ఎందుకిచ్చారో ఇప్పుడు అర్థమైంది. ఒళ్లు మండిపోయింది.

ఆ మంటతోనే మేనేజరు గదికి వెళ్లింది. అక్కడ కుర్చీలో పార్టీ అధ్యక్షుడు కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఈసారి టికెట్ ఎవరికివ్వాలో తేల్చేది ఆయనే.

మేనేజరు ఆమె చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. "మీ బాధ నాకర్థమవుతుంది మేడమ్. కాని దేవుడి గది తీసేస్తే పనివాళ్ల మనసులు నొచ్చుకోవూ? నేను ఆ పాపం మూటగట్టుకోలేను. కొత్త బిల్డింగ్ కట్టినప్పుడు చూద్దాం."

"కొత్త బిల్డింగ్ ఎప్పుడండీ?"

మేనేజరు అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు అందుకున్నాడు. "అమ్మా, రేపు మంత్రిగారు ఆ గదిలోనే ప్రార్థన చేస్తారు. మీరు పక్కన ఉంటారు. ఫొటోలు వస్తాయి. ఈ పాల గోల ఇప్పుడెందుకు చెప్పండి? జనం మిమ్మల్ని అమ్మా అని పిలుస్తారు. మీరు నాలుగు మంచి మాటలు చెప్తే ఆడవాళ్లు సర్దుకుంటారు."

ఎప్పుడూ ఇదే పని. ఎక్కడ జనం మండిపడితే అక్కడికి మెంబరమ్మను పంపించడం, ఆమె వెళ్లి అమ్మా, అయ్యా అని బతిమాలడం, దేవుడున్నాడని ఓదార్చడం, జనం ఇళ్లకు పోవడం. ఆమె దాన్నే ప్రజాసేవ అనుకుంది. ఈ పెద్దమనుషులు మాత్రం మొదటినుంచీ ఆమెను మంటలార్పే నీళ్ల ట్యాంకరు కిందే లెక్క వేసుకున్నారు.

భోజనాల వేళ ఆడవాళ్లు ఫ్యాక్టరీ వెనక పెరట్లో గుమిగూడారు. మెంబరమ్మ కూడా అక్కడికి వచ్చింది. మేనేజరు మాట అప్పటికే లైన్లన్నీ చుట్టేసింది. మెంబరమ్మ కూతురి కోసం దేవుడి గది పీకేస్తారట, అని.

"నాకున్న సుఖమంతా ఆ గదే" అంది ఇస్త్రీ సెక్షన్‌లో పనిచేసే ఆమె. "పొద్దంతా ఆవిరిలో ఉడికి, ఓ క్షణం వెళ్లి కళ్లు మూసుకుంటాను. అక్కడ పిల్లలు ఉచ్చలు పోస్తుంటే దేవుడికి కోపం రాదా?"

"నీ దేవుడికి మా పిల్లలు ఏడిస్తే రాదేం కోపం?" అంది కత్తెరక్క.

మాటకు మాట పెరిగింది. నమ్మేవాళ్లొక పక్క, తల్లులొక పక్క. నమ్మే తల్లులు మధ్యలో నలిగిపోయారు. అప్పుడు చదువు మధ్యలో ఆపేసి పనికొచ్చి, చొక్కాలకు బొత్తాల కాజాలు కుట్టే పిల్ల గోడ మీంచి దూకి మధ్యలోకి వచ్చింది.

"ఒక్క గది కోసం మనం జుట్లు పట్టుకుంటున్నాం. అటు చూడండి. మేనేజరుకో గది, ఆయన కారుకో గది, పాత మిషన్లకో గది. ఫ్యాక్టరీలో గదులు లేవా? మనకు లేవు. అది మాట్లాడరేం?"

అందరూ అటు తిరిగి చూశారు. కూతురు ఆ పిల్ల పక్కకు వచ్చి, తల్లికేసి చూడకుండానే మొదలుపెట్టింది.

"మెంబరమ్మగారు ఇప్పుడు మనకు ఓర్పు గురించి చెప్తారు. నాకు తెలుసు. చిన్నప్పుడు నేను మీటింగుల్లో బల్లల కింద నిద్రపోయేదాన్ని. ఊరందరికీ అమ్మ. నేను పిలిస్తే మాత్రం, ఉండవే, వస్తున్నా అనేది. ఇంకా రాలేదు."

జనంలో ఒకరిద్దరు నవ్వి, మళ్లీ తలలు దించుకున్నారు. మెంబరమ్మ కూతురికేసి చూసింది. ఈ జనం కోసమే కదా దాన్ని బల్ల కింద పడుకోబెట్టింది. ఆ జనం పిల్లలూ పస్తే, తన పిల్ల పిల్లా పస్తే. మరి ఇన్నేళ్లూ తను ఎవరికి సేవ చేసినట్టు? దేవుడి మీద ఆమెకు కోపం రాలేదు. దేవుణ్ణి గుమ్మంలో కాపలా పెట్టుకున్నవాళ్ల మీద వచ్చింది.

"ఓర్పు గురించి చెప్పను" అంది. "ఇస్త్రీ చెల్లెమ్మా, నీ మాట నాకు తెలుసు. నేనూ నీలాగే మొక్కుకునేదాన్ని. కాని నా ప్రార్థన ఒక్కటైనా సాఫీగా సాగలేదు. సగంలో ఇదిగో, ఇది ఏడ్చేది. ఒళ్లో వేసుకుని పాలిస్తూ మిగతా సగం చెప్పుకునేదాన్ని. లేచి బయటికి పొమ్మని దేవుడు నన్నెప్పుడూ అనలేదు. అన్నది మేనేజరు."

ఇస్త్రీ ఆమె దగ్గరికొచ్చి, "చాపలు ఎత్తి ఓ మూల పెడదాం. నాకు ఆ మూల చాలు" అంది.

"కాజాల పిల్ల చెప్పినట్టు రెండు గదులూ అడుగుదాం" అంది కత్తెరక్క. "ఇచ్చేదాకా పిల్లలెక్కడ?"

"రేపటి ఏర్పాట్లకని ఇచ్చిన గది తాళం నా దగ్గరుంది" అంది మెంబరమ్మ.

మర్నాడు పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ తలగోక్కున్నాడు. సాయంత్రం ఇళ్లకు వెళ్లే ఆడవాళ్ల సంచులు వెతికి, గుడ్డముక్క దాచారేమో చూడటం అతని ఉద్యోగం. పొద్దున లోపలికి ఏం తెస్తున్నారో చూడమని ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్లు చంటిపిల్లల్ని చంకనేసుకుని బారులుగా లోపలికి పోతుంటే, అతను ఫోను తీసి ఎవరికి చెయ్యాలో తేల్చుకునేలోపు వరండా నిండిపోయింది.

మంత్రి కారు దిగేసరికి ప్రార్థన గదిలో చాపల నిండా పసిపిల్లలు. ఒకడు బోర్లాపడి చాప అంచు నములుతున్నాడు. ఒకర్తి గుక్కపెట్టి ఏడుస్తోంది. మూలన ఇస్త్రీ ఆమె కళ్లు మూసుకుని మొక్కుకుంటోంది. గుమ్మానికి అడ్డంగా మెంబరమ్మ మనవరాల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఫొటోలవాళ్లు మంత్రిని వదిలేసి ఇటు ఎగబడ్డారు. మంత్రి వచ్చిన దారినే వెనక్కి వెళ్లి కారెక్కాడు.

అధ్యక్షుడు వంగి ఆమె చెవిలో అన్నాడు. "నీ రాజకీయం ఈ రోజుతో సరి."

"మెల్లిగా మాట్లాడండి. పిల్లలు పడుకున్నారు" అంది ఆమె.

పోలీసులు వచ్చారు. పిల్లలున్న గదిలోకి బూట్లతో వెళ్లడానికి వాళ్లకూ మొహం చెల్లలేదు. గుమ్మంలో ఉన్న మెంబరమ్మను మాత్రం రెక్క పట్టుకు లేపారు. ఆమె మనవరాల్ని కూతురి చేతికిచ్చింది. జీపు కదిలేసరికి లోపల మిషన్ల చప్పుడు ఆగిపోయింది.

స్టేషన్‌లో ఎస్సై ఒక కాగితం ముందు పెట్టాడు. ఇకమీదట ఫ్యాక్టరీ గడప తొక్కనని సంతకం పెడితే ఇంటికి పంపిస్తానన్నాడు. ఆమె చూడనైనా చూడలేదు. బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేసుకుందామనుకుంది గాని మాటలు కుదరలేదు. ఎంతసేపూ ఒకటే విసుగు. ఇంత చిన్న గది కోసం ఇంత పెద్ద ఠాణానా? ఇన్నేళ్లు మెంబరుగా ఉండి, చివరికి పసిబిడ్డకు పాలు తాగే చోటు అడిగినందుకు దొంగలా కూర్చోవాలా? ఆడవాళ్లు బెదిరి పిల్లల్ని ఇళ్లకు తీసుకుపోయి ఉంటారని కూడా అనిపించింది.

పొద్దువాలే వేళకు కూతురు వచ్చింది. మొహమంతా చెమట. వెనకాల గుమ్మం బయట ఆడవాళ్ల గొంతులు.

"రెండో షిఫ్టువాళ్లు కూడా పిల్లల్ని ఎత్తుకొచ్చారమ్మా. ఎవరూ మిషనెక్కలేదు. వరండా కూడా చాలట్లేదు. మేనేజరు కరెంటు తీయించేశాడు."

మెంబరమ్మ గాభరాగా లేచింది. "అయ్యో, మరి చీకట్లో ఎట్లాగే?"

కూతురు తల్లి పక్కన బెంచీ మీద చతికిలబడి నవ్వింది.

"పాలివ్వడానికి కరెంటెందుకమ్మా?"